ఫోటోకు బహుమతులు ఇస్తాం సరే, దాని వెనుక గడిచిన ఏళ్లకు ఎవరిస్తారు?

సామాజిక, పర్యావరణ సమస్యలపై పనిచేసే డాక్యుమెంటరీ ఫోటోగ్రాఫర్‌ను మనం గుర్తుండిపోయిన ఒక్క ఫోటోతో కొలుస్తాం. ఆ ఫోటో కోసం ఏళ్ల తరబడి ఒకేచోట ఉండడానికి అయ్యే ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నను మాత్రం ఎవరూ ఎత్తరు. ఈ రంగానికి జరుగుతున్న అసలు అన్యాయం ఇదేనని నా నమ్మకం.

జపాన్‌లోని మినమాటా సంగతే చూడండి. చిస్సో కంపెనీ సముద్రంలోకి వదిలిన పాదరసం, చేపలు తిన్నవారి నాడీవ్యవస్థను దెబ్బతీసింది. ఆ వ్యాధి అధికారికంగా బయటపడింది 1956లో అయితే, ఫోటోగ్రాఫర్లైన యూజీన్ స్మిత్, ఐలీన్ స్మిత్ దంపతులు అక్కడికి వెళ్లింది 1971లో. పత్రికల లెక్క ప్రకారం అది అప్పటికే పాత వార్త. అయినా వారు అక్కడే ఇల్లు తీసుకుని, 1974 దాకా బాధితుల మధ్యే బతికారు. 1972 జనవరిలో కంపెనీ మనుషుల చేతిలో యూజీన్ తీవ్రంగా దెబ్బలు తిన్నారు. వ్యాధితో పుట్టిన కూతురికి తల్లి స్నానం చేయిస్తున్న ఆ ప్రసిద్ధ చిత్రం తీయడానికి కావలసిన చనువు, ఉదయం వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవారికి దొరికేది కాదు.

అంతకు ముందు అమెరికాలో లూయిస్ హైన్ 1908 నుంచి బాలకార్మిక వ్యవస్థపై పోరాడిన నేషనల్ చైల్డ్ లేబర్ కమిటీ అనే సంస్థ తరఫున బాలకార్మికులను ఫోటోలు తీశారు. ఏదో ఒక సాకుతో మిల్లుల్లోకి వెళ్లి, పిల్లల ఎత్తును తన కోటు గుండీలతో పోల్చి చూసుకుంటూ, జేబులో దాచిన చేత్తోనే వివరాలు రాసుకునేవారు. ఫోటోకు సాక్ష్యం విలువ తెచ్చింది ఆ రాతలే. ఏళ్ల తరబడి జీతమిచ్చి పంపిన సంస్థ ఉండబట్టే అంత ఓపికైన పని సాగింది. ఆదరణ కరువైన చివరి రోజుల్లో ఆయన పేదరికంలో మగ్గి 1940లో కన్నుమూశారు.

ఇప్పటికీ పత్రికలు రోజు లెక్కనే డబ్బిస్తాయి, స్వచ్ఛంద సంస్థలు తమ నివేదికకు సరిపడే కన్నీళ్లను గడువులోగా అడుగుతాయి. మిగిలిన కాలానికి ఫోటోగ్రాఫర్ పెళ్లిళ్లో ప్రకటనలో చేసి సంపాదించుకోవాలి. ఈ రంగంలోకి వచ్చే యువతకు లెన్సుల గురించి చెప్పేవారు చాలామందే ఉన్నారు గానీ, రెండోసారి వెళ్లడానికి డబ్బెక్కడిదో చెప్పేవారు లేరు.

ఫోటో అచ్చయ్యాకా బాధ్యత తీరదు. మినమాటా తల్లిదండ్రుల మనసు గ్రహించి, ఆ స్నానపు చిత్రం ఇక కొత్తగా ప్రచురణ కాకూడదని 1990ల చివర్లో ఐలీన్ నిర్ణయించారు. పాతికేళ్ల తర్వాత కూడా ఆ కుటుంబం మాట వినగలిగే సంబంధం మిగిలి ఉండడం ఈ వృత్తిలో భాగమే. కాబట్టి పని అప్పగించేవారు మళ్లీ వెళ్లే ప్రయాణానికి, వివరాల సేకరణకు, ఫోటోల భద్రతకు అయ్యే ఖర్చును ఒప్పందంలోనే రాయాలి.