పైన పటారం, లోన లొటారం: తేనెటీగల హోటల్‌కు ఒక ఉత్తరం

మహారాజశ్రీ తేనెటీగల హోటల్ గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కూడా గోడ మీద ఖాళీగా, క్షేమంగా ఉన్నారని రోజూ చూస్తూనే ఉన్నాను.

ఒంటరిగా బతికే తేనెటీగలు వచ్చి గూడు పెట్టుకుంటాయని గోడకు తగిలించే, వెదురు గొట్టాలు పేర్చిన పెట్టె మీరు. మిమ్మల్ని ముచ్చటపడి కొన్నది నేనే, కాదనను. ఏటవాలు కప్పు, గుండె ఆకారంలో చిన్న కిటికీ, మధ్య అరలో పైన్ కాయలు. తీరా చూస్తే ఆ కాయల్లో ఏ తేనెటీగా గూడు పెట్టదు. ఫొటో కోసం పెట్టి ఉంటారు. అసలు మీ పేరులోనే తేడా ఉంది. హోటలంటే రెండు రాత్రులుండి పోయేది. ఒంటరి తేనెటీగకు కావలసింది పురిటిగది. ఆవిడకు రాణి లేదు, పనివాళ్ళు లేరు, నలుగురితో పంచుకునే తేనెపట్టూ లేదు. పుప్పొడి, మకరందం కలిపి ముద్ద చేసేది తనే, దాని మీద గుడ్డు పెట్టేది తనే, అడ్డుగోడ కట్టి పక్క గది మొదలుపెట్టేదీ తనే.

అలాంటి మనిషికి (ఈగే అనుకోండి) మీరు చూపించిందేమిటి? మీ వెదురు గొట్టాల్లో ఇటు నుంచి చూస్తే అటు వెలుతురు కనిపిస్తోంది. వెనక గోడ లేని గదిలో పురుడు పోసుకోమంటే ఎవరు దిగుతారు? లోపల పేళ్ళు లేచి ఉన్నాయి, రెక్కలు చిరగడానికి. పైగా మేకుకు వేలాడుతూ గాలి వీస్తే ఉయ్యాల ఊగుతారు.

ఇక పొడవు సంగతి. ఆ తల్లి లెక్క వేరు. ఫలదీకరణ చెందిన గుడ్డయితే ఆడపిల్ల, లేకపోతే మగపిల్లాడు. ఏది పెట్టాలో ఆవిడ ఇష్టమే. ఆడపిల్లల్ని లోపలి గదుల్లో భద్రంగా దాస్తుంది, మగవాళ్ళను గుమ్మం దగ్గర పెడుతుంది. ముందు బయటికొచ్చేదీ వాళ్ళే. ఇంత సంసారానికి 15 సెంటీమీటర్ల గొట్టం కావాలి. మీది వేలెడు. పొట్టి గొట్టంలో ఎక్కువగా మగపిల్లలే పుడతారు. అంటే మీ దగ్గర ఎవరైనా దిగినా నడిచేది బ్రహ్మచారుల మెస్సే.

మీ జాతి చరిత్ర కూడా తిరగేశాను. టొరంటోలో మూడేళ్ళు గమనించి 2015లో ప్రచురించిన పరిశోధనలో, ఏటా దాదాపు ముప్పాతిక హోటళ్ళలో కందిరీగలు కాపురం పెట్టాయని తేలింది. బోర్డు ఒకరిది, బస ఇంకొకరిది. అక్కడొకటి ఇక్కడొకటి ఉండే గూళ్ళను మీరు ఒకే చిరునామాకు చేర్చడంతో పరాన్నజీవులకు వెతుక్కునే శ్రమ కూడా తప్పింది. గొట్టాలు ఏటా మార్చకపోతే పురుగూ బూజూ మిగతా పని చూసుకుంటాయి. అన్నట్టు, తేనెటీగ జాతుల్లో ఎక్కువ భాగం నేలలోనే బొరియలు తవ్వుకుంటాయి. వాటికి మీ బోర్డుతో పనే లేదు.

ఇప్పుడు అసలు విషయం. మీకు జానెడు దూరంలో, తెర కట్టడానికి డ్రిల్ వేయించిన కన్నం ఒకటుంది. స్క్రూ బిగించడం వాయిదా పడింది. మొన్న పొద్దున టీ తాగుతుంటే ఆకులు కోసే తేనెటీగ ఒకటి పచ్చటి ముక్కను పొట్ట కింద పట్టుకుని వచ్చింది. మీ గుమ్మం ముందు నుంచే వెళ్ళింది, కనీసం తొంగి చూడలేదు. ఆకుముక్కను చుట్టచుట్టి ఆ కన్నంలో దూరింది. కప్పు ఖాళీ అయ్యేలోపు మూడుసార్లు తిరిగింది. గోడలకు కోలగా కోసిన ముక్కలు, మూతకు గుండ్రటివి. నాలుగోనాటికి గుమ్మం మూసేసింది, చిల్లర నాణేలు దొంతర పెట్టినట్టు ఒకదాని మీద ఒకటి. నా గులాబీ ఆకులన్నిటికీ అర్ధచంద్రాకారంలో గాట్లు. అద్దె ముందే వసూలైందనుకుంటున్నాను.

స్క్రూ బిగిస్తానని డ్రిల్ అతను ఫోన్ చేశాడు. లోపల పిల్లలున్నారు, వాళ్ళు ఖాళీ చేశాక కబురు చేస్తానన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత సరేనండీ అన్నాడు.

మీ పైన్ కాయల అరలో నిన్నటి నుంచి సాలెపురుగు ఒకటి ఉంటోంది. మీకు తెలుసో లేదో అని రాశాను.

ఇట్లు,
తెరకు ఒకవైపు తాడు కట్టుకున్న మీ యజమాని