నిజం చెప్పినవాడికేనా శిక్ష?

అవార్డుల మాట వచ్చిందంటే కృష్ణానగర్ టీ కొట్టు దగ్గర అయినా, ఫిల్మ్‌నగర్ ఆఫీసుల్లో అయినా ఒక మాట వినపడుతుంది. "అది రీమేకే కదా, దానికి అవార్డేంటి?" ఆ ఒక్క మాటతో వాదన అయిపోయినట్టే లెక్క. ఆ మాట అనేముందు ఒక్కసారి 'గుండమ్మ కథ'ను తలచుకోమని అడుగుతున్నాం.

అది రీమేకే. బి. విఠలాచార్య 1958లో కన్నడలో తీసిన 'మనె తుంబిద హెణ్ణు' దానికి మూలం. విజయా సంస్థ ఆ కథను తెచ్చుకుంది, డి.వి. నరసరాజు మాటలు రాశారు, కమలాకర కామేశ్వరరావు తీశారు, 1962లో విడుదలైంది. మరి ఇవాళ ఆ సినిమాలో మనకు గుర్తున్నదేంటి? నోరు తెరిస్తే ఇల్లంతా హడలిపోయే సూర్యకాంతం, 'మాయాబజార్'లో కృష్ణుడిగా చూసి జనం దండం పెట్టుకున్న ఎన్టీఆర్ నిక్కరేసుకుని పనివాడిగా రుబ్బురోలు ముందు కూర్చుని పిండి రుబ్బుతూ పాడటం, పక్కన సావిత్రి. ఇవన్నీ తెలుగువాళ్లు తెలుగింట్లో నిలబెట్టినవి. ఇదే విజయా సంస్థ ఇదే కథను 'మనిదన్ మారవిల్లై' పేరుతో తమిళంలోనూ తీసింది, అక్కడ ఇంతగా ఆడలేదు. కథ ఒక్కటే అయినా ఒకచోట పండింది, మరోచోట పండలేదు. ఆ తేడా తెచ్చింది తీసినవాళ్లు, నటించినవాళ్లు, మాటలు రాసినవాళ్లు. అవార్డు ఇచ్చేది అలాంటి పనికి కాకపోతే ఇంక దేనికి?

అసలు రీమేక్ అంటే ఏంటో ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే మనం ఈ మాటను ఇష్టమొచ్చినట్టు వాడేస్తున్నాం. 1953 నాటి 'దేవదాసు' కంటే ముందే హిందీలో, బెంగాలీలో దేవదాసులు వచ్చాయి. అయినా దాన్ని ఎవరూ రీమేక్ అనరు, శరత్ నవలకు తెరరూపం అంటారు. శశిరేఖా పరిణయం 1936లోనే సినిమాగా వచ్చింది, అంతమాత్రాన 1957 'మాయాబజార్' దానికి రీమేక్ అయిపోదు, ఆ కథ ఊరందరి సొత్తు. 'మిస్సమ్మ'ను తెలుగులో, తమిళంలో ఒకే సంస్థ ఒకేసారి తీసింది, అది ద్విభాషా చిత్రం. మా లెక్కలో రీమేక్ అంటే అంతకుముందు వచ్చిన ఒక సినిమా నుంచే కథను, సీన్ల వరుసను తీసుకుని మళ్లీ తీసింది. హక్కులు కొని తీసినా, కొనకుండా తీసినా అది రీమేకే. అసలు గొడవంతా ఈ రెండో రకంతోనే.

ఇండస్ట్రీలో దీనికి 'ఫ్రీమేక్' అని పేరు కూడా ఉంది. కొరియాదో స్పెయిన్‌దో సినిమా చూసి, పాత్రల పేర్లు మార్చి, రెండు పాటలు, ఒక ఫైట్ చేర్చి, టైటిల్స్‌లో 'కథ' అని తన పేరు వేసుకోవడం. పట్టుబడితే 'ఇన్‌స్పిరేషన్' అంటారు. చట్టం కూడా దీన్ని అంత సులువుగా పట్టుకోలేదు. ఆలోచనకు కాపీరైట్ ఉండదు, దాన్ని చెప్పిన తీరుకే ఉంటుందని 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు సబబైనదే, లేకపోతే ఎవరూ ఏ కథా రాయలేరు. కానీ అవార్డు కమిటీ కోర్టు కాదు. నేరం రుజువయ్యేదాకా ఆగాల్సిన పని దానికి లేదు, ఇది ఎవరి కష్టం అని అడిగే హక్కు దానికుంది.

ఇప్పుడు జరుగుతున్నది చూడండి. డబ్బు కట్టి హక్కులు కొని, మూల రచయిత పేరు తెరమీద వేసినవాడి సినిమాకు రీమేక్ ముద్ర పడుతుంది, దాంతో అవార్డుల మాటే ఎత్తొద్దంటారు. చెప్పకుండా తీసుకున్నవాడు మాత్రం దర్జాగా ఉత్తమ కథ విభాగంలో కూర్చుంటాడు. జాతీయ అవార్డుల నిబంధనల్లో డబ్బింగ్ సినిమాలు, కాపీ వెర్షన్లు పనికిరావని ఉంది. ఉద్దేశం మంచిదే. కానీ కాపీ అన్న మాటను, ఒప్పుకుని తీసిన రీమేక్‌ను ఒకే గాటన కడితే చివరికి నష్టపోయేది నిజం చెప్పినవాడే. మాకు బాధ కలిగించేది ఇదే.

బయటి ఉదాహరణ ఒకటి చెప్పాలి. 2022లో ఆస్కార్ ఉత్తమ చిత్రం 'కోడా', 2014 నాటి ఒక ఫ్రెంచ్ సినిమాకు రీమేక్. అక్కడ పాడి రైతుల కుటుంబం, ఇక్కడ మసాచుసెట్స్ తీరంలో చేపలు పట్టే కుటుంబం. ఫ్రెంచ్‌లో వినికిడి లేని తల్లిదండ్రుల పాత్రలు వినికిడి ఉన్న నటులు చేస్తే, 'కోడా'లో నిజంగా వినికిడి లేని నటులే చేశారు, వాళ్లలో ట్రాయ్ కాట్సర్‌కు ఉత్తమ సహాయ నటుడి ఆస్కార్ వచ్చింది. స్క్రీన్‌ప్లేకూ ఇచ్చారు, అయితే ఒరిజినల్ విభాగంలో కాదు, వేరేచోటి నుంచి తీసుకున్న కథలకు పెట్టిన విభాగంలో. మన జాతీయ అవార్డుల్లోనూ 2009 సినిమాల నుంచి స్క్రీన్‌ప్లేను ఇలాగే రెండుగా విడదీశారు. అంటే దారి మనకూ తెలియంది కాదు.

మన దగ్గర మంచి పనులు లేవా అంటే ఉన్నాయి. మన 'ఒక్కడు' తమిళంలో 'గిల్లి' అయినప్పుడు కర్నూలు మదురై అయింది, చార్మినార్ ఉండాల్సిన చోటికి చెన్నై లైట్‌హౌస్ వచ్చింది. తమిళులు దాన్ని తమ సినిమాగానే చూసుకున్నారు, మనకేమీ కోపం రాలేదు. మలయాళ 'మహేషింటె ప్రతికారం' రచయిత శ్యామ్ పుష్కరన్‌కు ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకు జాతీయ అవార్డు వచ్చింది, అది ఆయన సొత్తు. అదే కథను 2020లో వెంకటేష్ మహా 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య'గా తీస్తే, పగ తీర్చుకునేదాకా చెప్పులు వేసుకోనని ఒట్టు పెట్టుకున్న ఆ ఫొటోగ్రాఫర్ ఇడుక్కి నుంచి అరకుకు వచ్చాడు. కథకు అవార్డు అడగడానికి వీల్లేదు. కానీ ఆ ఉత్తి కాళ్లతో తిరిగిన సత్యదేవ్ నటనను పోటీలోకే రానివ్వం అంటే మాత్రం మేం ఒప్పుకోం.

బద్ధకపు రీమేకులను వెనకేసుకు రావడం మా ఉద్దేశం కాదు. ఫ్రేమ్‌కు ఫ్రేమ్ దించేసి హీరోకు నాలుగు ఎలివేషన్లు తగిలించే సినిమాలు చాలానే వస్తున్నాయి. ఇప్పుడైతే మలయాళం సినిమాను సబ్‌టైటిల్స్‌తో ఇంట్లోనే చూసేసి, తెలుగు వెర్షన్ వచ్చేసరికి ఏ సీన్ ఎక్కడ చెడిందో చెప్పే ప్రేక్షకుడు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉన్నాడు. అలాంటి సినిమాలకు అవార్డు రాకపోతే నష్టమేం లేదు. కానీ ఆ సంగతి తేల్చాల్సింది రెండు సినిమాలూ చూసిన జ్యూరీ.

2017లో మూడేళ్ల అవార్డులు ఒకేసారి ప్రకటించాక నంది ఆగిపోయింది. ఎన్నో ఏళ్ల వెలితి తర్వాత 2025 జూన్‌లో హైదరాబాద్ హైటెక్స్‌లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ సినిమా అవార్డులు ఇచ్చింది. ఇది కొత్తగా మొదలైంది కాబట్టి అలవాట్లు ఇప్పుడే పెట్టుకోవచ్చు. దరఖాస్తులో ఒక గడి పెట్టండి: ఈ కథ ఎక్కడిది, ఎవరిది, హక్కులు తీసుకున్నారా? మూలం ఉందంటే దాని కాపీ కూడా జ్యూరీకి ఇవ్వాలి. అలాంటి సినిమాకు కథ, ఒరిజినల్ స్క్రీన్‌ప్లే తప్ప నటన, దర్శకత్వం, సంగీతం, మాటలు, కెమెరా అన్నీ తెరిచి ఉంచండి. మూలం దాచినట్టు తర్వాత తేలితే ఇచ్చిన అవార్డు వెనక్కి తీసుకోండి. ఆ దరఖాస్తు మీద నిర్మాతతో పాటు, కథ తనదని పేరు వేసుకున్న రచయిత కూడా సంతకం చేయాలి.