పసిరిక దాకా వచ్చిందా?

డిసెంబర్‌లో హైదరాబాద్ ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన ముగిసీ ముగియగానే జనవరి మొదట్లో విజయవాడలో ఇంకోటి మొదలవుతుంది చూశారూ, ఆ చుట్టుపక్కల రోజులంత గడ్డుకాలం తెలుగువాడికి ఇంకోటి లేదు. ఎవరు కనబడినా ఒకటే ప్రశ్న, "ఈ మధ్య ఏం చదువుతున్నారు?" పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు, సొంతిల్లెప్పుడు, అన్నీ దాటుకొచ్చిన మనిషిని. దీని దగ్గర మాత్రం నాలుక తడబడుతుంది.

జవాబు చెప్పడం ఇప్పుడు పౌరబాధ్యత అయిపోయింది కాబట్టి, అనుభవంతో చెబుతున్నాను, వినండి. పొరపాటున కూడా "చదువుతున్నాను" అనకండి. "మళ్ళీ చదువుతున్నాను" అనండి. ఆ "మళ్ళీ"కి ఉన్న శక్తి అంతా ఇంతా కాదు. మొదటిసారి ఎప్పుడు చదివారని ఎదుటివాడు అడగలేడు, అడిగితే ఆ తర్వాత మాట నడిచి వాడు చదవలేదన్నది బయటపడుతుంది, అందుకని ఇద్దరూ మర్యాదగా తలలూపుకుని కాఫీ తాగేసి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్లిపోతారు.

కాఫీ అంటే గుర్తొచ్చింది, ఫొటో సంగతి. పుస్తకం సగానికి తెరిచి బోర్లించాలి, పక్కన స్టీలు గ్లాసులో నురగ కాఫీ, ఆ పక్కన కళ్ళజోడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేశాక ఈయన పుస్తకం ఎలా చదువుతున్నాడని ఇంతవరకు ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. కిటికీ వెలుతురు అట్ట మీద సరిగ్గా పడేదాకా ఆగాలి, ఈలోపు కాఫీ చల్లారి మీగడ కడుతుంది. పోయినేడాది నేను ఇలా పదకొండు కాఫీలు పారబోశాను. పుస్తకాలు ఒకటిన్నర చదివాను. ఆ ఒకటీ డిటెక్టివ్ నవల, పేరు చెప్పను, పరువు సంగతి.

కవిత్వం వైపు వెళ్దామంటారా, మహాప్రస్థానానికి చలం రాసిన యోగ్యతాపత్రం దగ్గరే ఆవేశమంతా ఖర్చయిపోయి, శ్రీశ్రీ దాకా చేరనివాళ్ళు నాకే అరడజను మంది తెలుసు. వాళ్ళ జోలికి నేను పోను.

నేను పోయింది అంతకంటే పెద్దదానికి, వేయిపడగలుకి. విశ్వనాథ సత్యనారాయణ నోటితో చెబుతుంటే తమ్ముడు రాశారనీ, నెలలోపే అంత నవలా అయిపోయిందనీ చెబుతారు. నేను మూడేళ్ళ నుంచి చదువుతున్నాను, పదిహేడో పేజీలో ఉన్నాను. ఎలా తెలుసంటే కొన్నప్పటి బిల్లు గుర్తుగా అక్కడే పెట్టాను. ఈ నవల మొత్తం చదివారని నేను కళ్ళు మూసుకుని నమ్మగల మనిషి పి.వి. నరసింహారావు గారు ఒక్కరే, ఎందుకంటే ఆయన దాన్ని సహస్రఫణ్ అని హిందీలోకి అనువదించారు. చదవకుండా అనువదించడం అప్పట్లో ఇంకా వాడుకలోకి రాలేదు.

సరే, పోయిన నెల వారం రోజులు జ్వరంతో మంచం ఎక్కాను. ఖాళీగా ఉన్నాను కదా అని పుస్తకాన్ని దుప్పటి మీద పెట్టి, పక్కన మాత్రల షీటు కూడా పెట్టి (జాలి కూడా కలిసొస్తుంది), "మళ్ళీ వేయిపడగల నీడలో" అని ఫొటో పెట్టాను. నూట నలభై మంది నమస్కారాలు పెట్టారు. జ్వరం తగ్గి కిందికి దిగుతుంటే లిఫ్టులో మా అపార్ట్‌మెంట్ రిటైర్డ్ తెలుగు మాస్టారు ఎదురయ్యారు. నన్ను ఎగాదిగా చూసి, ఎంతో ప్రేమగా అడిగారు.

"ఏమండీ, పసిరిక దాకా వచ్చిందా?"

మా వైపు కామెర్లను పసిరికలంటారు. పెద్దాయన నా ఆరోగ్యం గురించి ఇంత ఆరాటపడుతున్నారని మనసు కరిగిపోయింది. "అబ్బే, అంత దూరం రాలేదండి మాస్టారూ, మామూలు వైరలే. పోయినేడాది మా బావమరిదికి వచ్చింది, ఆకుమందు పోయిస్తే మూడు రోజుల్లో పోయింది" అన్నాను. మాస్టారు ఏమీ అనలేదు. గ్రౌండ్ ఫ్లోర్ వచ్చేదాకా లిఫ్టులో అంకెలు మారడం చూస్తూ నిలబడ్డారు.

సాయంత్రం అనుమానం వచ్చి అమ్మని అడిగాను. "పసిరిక అంటే ఏంటమ్మా?"

"ఏంటి కాదురా, ఎవరు అనాలి. వేయిపడగల్లో ఉంటాడు, పాపం పిచ్చి పసిరిక" అంది, బీరకాయ చెక్కు తీస్తూ.

గదిలోకి పరిగెత్తి పుస్తకం తెరిచాను. బిల్లు పదిహేడులో లేదు. 412లో ఉంది. మధ్యాహ్నాలు నేను జ్వరంతో నిద్రపోతుంటే ఈవిడ నా పక్క మీంచి పుస్తకం తీసుకెళ్ళి చదివేసుకుంటోందన్నమాట, ఎవరికీ చెప్పకుండా, ఒక్క ఫొటో కూడా లేకుండా! ఇంత బాధ్యతారాహిత్యం మా ఇంట్లోనే ఉందని నాకు తెలియదు. "నా పేజీ కదపకురోయ్" అని వంటింట్లోంచి కేక కూడా వేసింది.

కదపలేదు. కిటికీ వెలుతురు బాగుంది, 412వ పేజీ తెరిచి, కళ్ళజోడు పక్కన పెట్టి ఫొటో తీశాను. "సగం దాటింది. మళ్ళీ." అని రాశాను.

మూడు నిమిషాల్లో మాస్టారి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "సంతోషం. బావమరిది గారు కులాసానా?"

మాది నాలుగో అంతస్తు. మెట్లు దిగడం మోకాళ్ళకి మంచిదే అంటున్నారు.