రాబోయే మోడల్ గారికి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ రాబోయే మోడల్ గారికి,

నిజాంపేట నుంచి ఒక పాత ఎలక్ట్రిక్ కారు ఓనరు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. బండి కూడా క్షేమమే. ఇది రాసే వేళకి సెల్లార్‌లో మూడో పిల్లర్ పక్కన, 41 శాతం ఛార్జింగ్‌తో, దోమలు కుట్టినా పట్టించుకోకుండా హాయిగా నిద్రపోతోంది. మీ క్షేమం అడగాలంటే ముందు మీరు పుట్టాలి కదా. అందుకే ఆ ముక్క ఖాళీగా వదిలేశాను.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మా అమ్మమ్మ నవ్వేది. మీకైతే పేరొక్కటే కాదు, నల్లగుడ్డ కప్పిన ఫొటో కూడా వచ్చేసింది. చీకట్లో ఒక్క లైటు మాత్రం వెలిగి ఆరిపోయే వీడియో వచ్చింది. ఆ లైటుని మావాడు ఆపి ఆపి ఏడెనిమిదిసార్లు చూసి, "నాన్నా, మనది అమ్మేద్దాం" అన్నాడు. లైటు తప్ప ఇంకేమీ కనపడని బండి కోసం, తలుపులూ సీట్లూ స్టీరింగూ అన్నీ ఉన్న బండిని అమ్మేయాలట.

నా సంగతి చెప్పుకోవాలి. 2021 ఫిబ్రవరిలో కొన్నాను. కంపెనీ పేరు వద్దు, పాపం దాని తప్పేమీ లేదు. ఒక్కసారి ఛార్జింగ్ పెడితే కాగితం మీద మూడు వందల పైచిలుకు కిలోమీటర్లు, రోడ్డు మీద రెండు వందలు. ఇది అన్ని కంపెనీలకూ ఉన్న అలవాటే, పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం చెప్పినట్టు. రాయదుర్గంలో ఆఫీసు, తిరిగొచ్చేటప్పుడు పిల్లాడి ట్యూషన్, కూరగాయలు, అన్నీ కలిపితే రోజుకి 45 కిలోమీటర్లు. మూడు రోజులకోసారి రాత్రి ప్లగ్గు పెడితే చాలు. ఇన్నేళ్లలో నేను మార్చింది టైర్లు, వైపర్లు, ఒక 12 వోల్టుల చిన్న బ్యాటరీ. సుఖంగా ఉన్నాను. సుఖంగా ఉన్నవాడి జోలికి రావడమే మీ వృత్తి.

2022లో మొదటిసారి వచ్చారు, పెద్ద బ్యాటరీ వేషంలో. తర్వాత తెలిసింది, మీ వంశంలో ఎవరూ ఒకచోట నిలబడరని. టాటా వాళ్ల ఎలక్ట్రిక్ కారు నెక్సాన్ ఈవీ సంగతే తీసుకుందాం. 2020లో 30.2 యూనిట్ల బ్యాటరీ, 2022లో 40.5, 2024లో 45. (కిలోవాట్ అవర్ అని ఇంగ్లీషులో భయపెడతారు గానీ, అది మన కరెంటు బిల్లులోని యూనిట్టే.) ఎంజీ వాళ్ల ఎలక్ట్రిక్ కారు విండ్సర్ 2024 సెప్టెంబర్‌లో 38 యూనిట్లతో వచ్చింది. 2025 మే నెలకల్లా 52.9 యూనిట్లతో ప్రో అంటూ తమ్ముడు దిగాడు. మధ్యలో కొన్నవాడి బండికి కట్టిన నిమ్మకాయలు వాడిపోయి ఉంటాయి గానీ, మురిపెం తీరి ఉండదు. బ్యాటరీ ప్యాకు ధర 2010 ప్రాంతంలో యూనిట్‌కి వెయ్యి డాలర్ల పైన ఉండేది. 2024లో ఇంధన రంగం లెక్కలు తీసే బ్లూమ్‌బర్గ్ ఎన్‌ఈఎఫ్ వాళ్లు లెక్కేస్తే సగటున 115 డాలర్లు. ఇంత పడిపోయింది, ఇంకా పడుతుంది, కాబట్టి ఆగు అని మీరు నా చెవిలో ఊదుతూనే ఉన్నారు. నేను ఆగుతూనే ఉన్నాను. ఆగినంతసేపూ నా పాత బండి ధర కూడా పడుతుందన్న సంగతి మాత్రం మీరెప్పుడూ ఊదలేదు.

మా చిన్నప్పుడు ఊళ్లో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవాళ్లు. రాత్రి దయ్యం వచ్చి, అది చదువుకుని, సరేలే రేపొద్దామని వెళ్లిపోయేదట. మర్నాడు వస్తే మళ్లీ అదే రాత. తెలుగు చదవడం వచ్చిన దయ్యానికి ఆ మాత్రం తిరకాసు ఎందుకు అర్థం కాలేదా అని నవ్వుకునేవాణ్ని. ఇప్పుడు షోరూం గాజు తలుపు ముందు నిలబడితే తెలుస్తోంది. పాపం దానికి ఎవరో టీజర్ చూపించి ఉంటారు.

షోరూం అన్నాను కదా, మొన్న శనివారం వెళ్లాను. పేరు వద్దు. లోపల ఎడమవైపు కొత్త బండ్ల టేబుల్, కుడివైపు ఎక్స్ఛేంజ్ టేబుల్. కుడివైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, చేతిలో పెయింటు మందం కొలిచే మీటరుతో. డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టు ఒక్కో డోరుకీ ఆనించి, "వెనకాల లెఫ్ట్ డోర్ రీపెయింట్ సార్" అన్నాడు. నిజమే, మా సెల్లార్ పిల్లర్ పుణ్యం. బానెట్ ఎత్తాడు. చూడ్డానికి ఇంజిను లేదు. అయినా ఎత్తినందుకు మర్యాదగా కాసేపు చూసి దించాడు. తర్వాత ఫారం తీసి "బ్యాటరీ ఎంతుంది సార్?" అన్నాడు. నేను డాష్‌బోర్డు చూసి 62 అన్నాను. ఫారంలో 'బ్యాటరీ హెల్త్' అన్న గడిలో 62 అని రాసుకున్నాడు.

నా గుండె జారింది. బాబూ, అది ఛార్జింగు, ఇవాళ పొద్దున్నుంచి తిరిగాను కాబట్టి 62, హెల్త్ అంటే కొన్నప్పటితో పోలిస్తే ఇప్పుడు బ్యాటరీ ఎంత పట్టగలదో ఆ లెక్క, ఇదిగో పోయిన నెల సర్వీసులో ఇచ్చిన కాగితం, 93 అని బతిమాలినట్టు చెప్పాను. బుద్ధిమంతుడు, కొట్టేసి 93 వేశాడు. అంతకుముందే పక్కన పెన్సిల్‌తో వేసుకున్న ధర మాత్రం మార్చలేదు. నాలుగు ఎనభై. ఎక్స్ఛేంజ్ బోనస్ యాభై వేలు కలిపితే ఐదు ముప్పై. ఆరు నెలల క్రితం ఇదే టేబుల్ దగ్గర ఆరున్నర అన్నారు. అప్పుడు మీ వీడియో చూసి ఆగాను.

"ఇంత తక్కువేంటి?" అంటే, "ఈవీ కదా సార్, రీసేల్ ఉండదు. కొత్త మోడల్స్ వచ్చేస్తున్నాయి, పాతవి ఎవరు తీసుకుంటారు?" అన్నాడు. అక్కణ్నుంచి ఇరవై అడుగులు నడిచి ఎడమ టేబుల్ దగ్గర కూర్చుంటే ఒకమ్మాయి మంచినీళ్ల సీసా ఇచ్చి, "ఫ్యూచర్ అంతా ఈవీయే సార్, ఇప్పుడు తీసుకుంటే పదేళ్లు వెనక్కి చూసుకోనక్కర్లేదు" అంది. వాళ్లిద్దరూ మధ్యాహ్నం ఒకే డబ్బా విప్పుకుని తింటారని నా అనుమానం.

పన్నులు కూడా మీ పక్షమే. కొత్త ఈవీకి జీఎస్టీ 5 శాతం. పాత బండ్ల వ్యాపారి తన లాభం మీద కట్టేది, 2024 డిసెంబర్‌లో జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశం తర్వాత, ఈవీలకి కూడా 18. మొదటి పెళ్లికి 5, మారుమనువుకి 18. ఆ పద్దెనిమిదీ ఆ వ్యాపారి జేబులోంచి కడతాడని మీరు అనుకుంటే మీరు నిజంగానే ఇంకా పుట్టలేదు.

ఇంటికొచ్చి అమ్మతో చెబితే పంచాంగం తీసింది. ఆషాఢంలో కొత్త బండి ఏంటిరా అంది. ఆషాఢంలో ఎవరూ కొనరు కాబట్టే డిస్కౌంట్లు ఇస్తారమ్మా అన్నాను. శ్రావణంలో కొనాలంటే డిస్కౌంటు ఉండదు, మంచి రోజు ఉంటుంది. మధ్యలో శూన్యమాసం వస్తుంది, మూఢం వస్తుంది. దసరాకి తీసుకుందామంటే డెలివరీకి క్యూ. డిసెంబర్‌లో తీసుకుంటే బేరం బాగుంటుంది గానీ నెల తిరక్కుండానే అది 'పోయినేడాది బండి' అయిపోతుంది. జనవరి దాకా ఆగితే కంపెనీలన్నీ కూడబలుక్కున్నట్టు ధరలు పెంచుతాయి. అయితే ఒక్కటి ఒప్పుకోవాలి. మూఢానికి పంచాంగంలో మొదలయ్యే రోజు, పోయే రోజు రెండూ వేసి ఉంటాయి. మీ మూఢానికి మొదలే గానీ తుది లేదు.

తేదీ వేసిన పెద్దమనిషి ప్రభుత్వమొక్కటే. తెలంగాణలో ఈవీకి రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబర్ 31 దాకానే. ఇరవై లక్షల పెట్రోలు బండికైతే ఆ ట్యాక్సే మూడు లక్షల పైన పడుతుంది. ఆ గడువు పెంచుతారా పెంచరా అన్నది మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నీళ్ల ట్యాంకర్ల తర్వాత ఎక్కువ చర్చ జరిగే విషయం. పోనీ పెట్రోలుకే వెళ్లిపోదామా అంటే, 2025 సెప్టెంబర్ 22న చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీని 18కి దించారు. అదీ ఒక పీకులాటే. ఈ మినహాయింపుల విషయంలో నేను ఒక్కసారి మాత్రం బాగుపడ్డాను. నేను కొన్నప్పుడు 80ఈఈబీ అని, లోను వడ్డీ మీద లక్షన్నర దాకా ఆదాయప్పన్నులో మినహాయింపు ఉండేది. 2023 మార్చి 31 దాటాక మంజూరైన లోన్లకి అది లేదు. నా జీవితంలో ఆలోచించకుండా చేసిన ఒకే ఒక్క పని అలా కలిసొచ్చింది.

డాలస్‌లో ఉన్న మా బావమరిదికి ఈ బాధల్లేవు. "బావా, నాది లీజు. మూడేళ్లకి తాళాలు వాళ్ల మొహాన కొట్టి ఇంకోటి తెచ్చుకుంటా" అని ప్రతి ఫోన్లోనూ మురిసిపోయేవాడు. అలాంటివాడు 2025 సెప్టెంబర్ ఆఖరి వారంలో లీజు గడువు ఇంకా రెండు నెలలుండగానే పరిగెత్తాడు. కొత్త ఈవీకి వచ్చే 7,500 డాలర్ల ఫెడరల్ పన్ను రాయితీ ఆ 30వ తేదీతో ఆఖరు. రంగు ఏది తీసుకున్నావురా అంటే, లాట్‌లో ఏది మిగిలితే అది బావా అన్నాడు. దాదాపు తొమ్మిది వేల మైళ్ల అవతల కూడా మీవాళ్లు మావాళ్లని పరిగెత్తిస్తూనే ఉన్నారని తెలిసి కాస్త ఊరట కలిగింది.

ఇక మీ అసలు ఎర: రేంజి. ఒక్క ఛార్జింగ్‌తో 500 కిలోమీటర్లు దాటిందట. హైదరాబాద్ నుంచి విజయవాడ 275 కిలోమీటర్లు, అక్క వాళ్ల ఇంటికి ఏటా నాలుగుసార్లు వెళ్తాం. నా బండికి సూర్యాపేట దగ్గర ముప్పావుగంట ఛార్జింగ్ తప్పదు. మీరొస్తే ఆ ముప్పావుగంట మిగులుతుందని నేను ఎక్సెల్ షీటులో ఒక కాలమ్ పెట్టాను. మా ఆవిడ భుజం మీంచి చూసి, "సూర్యాపేటలో ఆగకుండా ఎప్పుడు వెళ్లామండీ?" అంది.

నిజమే. పెట్రోలు బండి ఉన్న రోజుల్లోనూ ఆగాం. అమ్మ మోకాళ్లు వంద కిలోమీటర్లకి ఒకసారి దిగమంటాయి. పిల్లాడికి అంతకంటే ముందే అర్జెంటు. నాకు టీ. దిగాక ఇడ్లీ తినకుండా అమ్మ ఎక్కదు, ఇడ్లీ చల్లగా ఉందని తిట్టకుండా అసలే ఎక్కదు. ప్లగ్గు పెట్టి ఇవన్నీ ముగించుకుని వచ్చేసరికి బండే మా కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. సంక్రాంతికి ఛార్జర్ దగ్గర నాలుగు బండ్లు ముందుంటాయి, ఆ ఒక్క రోజు మాత్రం మీరు గుర్తొస్తారు, కాదనను. ఏడాదిలో ఒక్క రోజు కోసం పన్నెండు లక్షలు కొత్తగా అప్పు చెయ్యాలి.

"ఇంతకీ ఈ బండితో మనకున్న ఇబ్బందేంటి?" అని అడిగింది మా ఆవిడ. ఐదు నిమిషాలు ఆలోచించి, స్క్రీను చిన్నది అన్నాను. హాల్లో టీవీ పెద్దది ఉంది కదా, వెళ్లి దాని ముందు కూర్చోండి అంది.

వారంటీ సంగతి కూడా ఎత్తాను లెండి, ఓడిపోయే ముందు. నా బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. 2029 దగ్గరపడేకొద్దీ కొనేవాడు ఇంకా బిగుస్తాడు, అమ్మితే ఇప్పుడే అమ్మాలి అన్నాను. మీ తరంలో కొన్ని కంపెనీలు మొదటి ఓనరుకి జీవితకాలం వారంటీ అంటున్నాయి, జీవితకాలం అంటే 15 ఏళ్లట. ఆరు నెలలకోసారి బండి మారుద్దామనే మనిషికి పదిహేనేళ్ల వారంటీ ఎందుకండీ అని ఆవిడ గిన్నెలు సర్దుకుంటూ వెళ్లిపోయింది.

సరే, ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం నిన్న రాత్రి వచ్చిన ఫోను. కొత్త నంబరు. "సార్, నేను సార్, షోరూంలో మీ బండి ఇవాల్యుయేషన్ చేశాను" అన్నాడు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. ధర పెంచారేమో అనుకున్నాను.

"ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేయకండి సార్. మీకు ఇష్టమైతే నేనే తీసుకుంటా. ఐదు డెబ్బై ఇస్తా. రోజూ షాద్‌నగర్ నుంచి వస్తా సార్, రానూ పోనూ 130 కిలోమీటర్లు, పెట్రోలుకే జీతం సగం పోతోంది. మీ బ్యాటరీ 93 ఉంది కదా సార్. నేను చూసిన పాత ఈవీల్లో మీదే బాగుంది."

ఈవీకి రీసేల్ ఉండదన్నావు కదయ్యా అన్నాను. "అది షోరూం మాట సార్" అన్నాడు.

చాలాసేపు సెల్లార్‌లో బండి దగ్గర నిలబడ్డాను. రీపెయింట్ చేసిన డోరు మీద చెయ్యి వేసి చూశాను. మీటరు లేకుండా నాకేం తేడా తెలియలేదు. ఇంత గిరాకీ ఉన్న బండి అయితే ఇంకో ఆరు నెలలు ఉంచుకుంటే పోయేదేముంది అనిపించింది. అప్పటికి మీరూ రావచ్చు.

పొద్దున ఎనిమిదింటికి మళ్లీ ఫోన్ చేశాడు. టోకెన్ అమౌంటు పట్టుకుని బయల్దేరాడట, మియాపూర్ మెట్రో దగ్గర ఉన్నాడట, ఇవాళే వచ్చి మాట్లాడుకుందామా సార్ అన్నాడు.

రేపు రమ్మన్నాను.

ఇట్లు,
షోరూం తలుపు ముందు తిరుగుతున్న ఒక దయ్యం,
నిజాంపేట