పోల్చి చూసేవారి బెడద

రొమ్ము క్యాన్సర్ పరిశోధనకు అన్నిటికంటే పెద్ద ఆటంకం, ప్రతిదాన్నీ మరొకదానితో పోల్చి చూడనిదే నిద్రపట్టని కొందరి దుర్వ్యసనమే. ఒక పరిశోధకుడు ఏళ్ల తరబడి ఒక సెల్ లైన్‌ను, అంటే ఒక రోగి నుంచి తీసి ప్రయోగశాలలో తరతరాలుగా పెంచే కణాల సంతతిని, సాకి, దానిమీద మందులు ప్రయోగించి, ఎలుకలకు ఎక్కించి, పత్రాలు ప్రచురించి, ఆచార్య పదవిలో కుదురుకున్నాక, ఎవరో వచ్చి "అయ్యా, ఇది రొమ్ము కణం కాదేమో, ఒకసారి సరిచూద్దామా" అంటే ఆ పెద్దమనిషి ఎంత నొచ్చుకుంటాడో ఎవరైనా ఆలోచించారా? ఈ బాధితుల పక్షాన మాట్లాడేవారు కరువయ్యారు గనుక ఆ బాధ్యతను నేను తలకెత్తుకుంటున్నాను.

ముందుగా ఎండీఏ-ఎంబీ-435 అనే సెల్ లైన్‌కు జరిగిన అన్యాయం. 1976లో అమెరికాలోని హ్యూస్టన్‌లో, ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రిలో, రొమ్ము క్యాన్సర్ ముదిరిన 31 ఏళ్ల స్త్రీ ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిలోంచి దీన్ని తీసినట్టు రికార్డుల్లో ఉంది. ప్రయోగశాలలు దీన్ని నెత్తిన పెట్టుకోవడానికి గట్టి కారణమే ఉంది. దీనికంటే ముందునుంచీ వాడుకలో ఉన్న ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ సెల్ లైన్ మహా పేచీకోరు. ఎలుకలో గడ్డగా ఎదగాలంటే దానికి ఈస్ట్రోజెన్ అందించాలి, అందుకోసం ఎలుక చర్మం కింద హార్మోన్ గుళిక పెట్టాలి. ఇంతా చేస్తే అది ఉన్నచోటనే ఉండిపోతుంది, ఇతర అవయవాలకు ఒక పట్టాన పాకదు. 435 అలాంటిది కాదు. ఎలుక రొమ్ములోని కొవ్వులోకి ఎక్కిస్తే చాలు, బుద్ధిగా పెరిగి, అడగకుండానే ఊపిరితిత్తులకు పాకుతుంది. క్యాన్సర్ ఎలా వ్యాపిస్తుందో తెలుసుకోవాలనుకునేవారికి ఇంతకంటే అణకువగల కణం ఎక్కడ దొరుకుతుంది?

ఇలా అంతా సవ్యంగా సాగుతుండగా 2000లో పోల్చేవారు రంగప్రవేశం చేశారు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ వాడే 60 సెల్ లైన్లలో ఏయే జన్యువులు ఎంతెంత చురుకుగా ఉన్నాయో కొలిచి, పోలిక ఉన్నవాటిని ఒకచోట చేర్చి చూశారు. రొమ్ము కణాల సరసన ఉండవలసిన 435, ఎవరూ పిలవకుండానే వెళ్లి మెలనోమాల మధ్య, అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్ల మధ్య, తీరిగ్గా కూర్చుంది. తోటి సభ్యుల ముందు రొమ్ము క్యాన్సర్ రంగానికి ఇంత తలవంపులు తెచ్చిన కణం మరొకటి లేదు.

అయినా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే పట్టుదల శాస్త్రలోకంలో ఇంకా బతికి ఉందనడానికి ఆ తరువాతి కథే సాక్ష్యం. ఇవి రొమ్ము కణాలే, కాకపోతే క్యాన్సర్ మైకంలో తమ వంశాన్ని మరచి రంగు కణాల ప్రోటీన్లు తయారు చేస్తున్నాయని కొందరు గంభీరంగా వాదించారు. ఈ వాదన నాకు అమితంగా నచ్చింది. సాక్ష్యం ఎదురు తిరిగినప్పుడు పొరపాటును సీసా మీది చీటీకి కాక సీసాలోని కణానికి అంటగట్టడంలో ఉన్న నేర్పు సామాన్యులకు అబ్బేది కాదు. 2007 నాటికి ఇది ఎమ్14 అనే మెలనోమా సెల్ లైనేనని పోలికలు కుదిరాయి. అయితే ఎవరిలోంచి ఎవరు వచ్చారు, ఎమ్14 పేరుతో తిరుగుతున్నదే అసలు రొమ్ము కణం ఎందుకు కాకూడదు అనే ఆశ ఒకటి మిగిలింది. 2018లో దాన్నీ తుంచేశారు. 435 పుట్టకముందే, 1975 డిసెంబరులో గడ్డకట్టించి దాచిన ఎమ్14 కణాలను బయటికి తీశారు. ఆ మెలనోమా రోగి రక్తపు సీరం కూడా దాచి ఉంచినది దొరికింది. జన్యు గుర్తులు, లింగం, రక్తవర్గం అన్నీ సరిచూసి, 435 అనేది ఆయన కణమేనని తేల్చారు. ఆయన అని ఊరికే అనలేదు, రోగి పురుషుడు. ఇప్పుడు ఆ పేరుతో చేతులు మారుతున్న నిల్వలన్నీ ఆయనవే. ఆ 31 ఏళ్ల స్త్రీ వ్యాధిని గురించి 435 పత్రాలు మనకు చెప్పినది ఏమీ లేదు.

నా మొదటి ప్రతిపాదన ఇది. ఒక కణం ఒక రంగంలో తగినంత కాలం నివసించి, తగినన్ని పత్రాలకు పనికివస్తే, దాని పుట్టుకతో నిమిత్తం లేకుండా ఆ రంగపు పౌరసత్వం ఇచ్చేయాలి. నేరస్థులను పట్టుకోవడానికి పోలీసులు వాడే జన్యు గుర్తుల పరీక్షనే పరువుగల సెల్ లైన్లకూ చేయించమని శాస్త్ర పత్రికలు పట్టుబట్టడం అమర్యాద.

ఇక జన్యు సంతకాల సంగతి. గడ్డలోని కొన్ని జన్యువుల చురుకుదనాన్ని కొలిచి, రోగి ఎంతకాలం బతుకుతుందో అంచనా వేసే జాబితాను జన్యు సంతకం అంటారు. ఇవి తామరతంపరగా పుట్టుకొచ్చిన కాలంలో, బ్రస్సెల్స్‌కు చెందిన పరిశోధకులు 2011లో ఒక అల్లరి పని చేశారు. రొమ్ము క్యాన్సర్‌తో బొత్తిగా సంబంధం లేని జాబితాలను తెచ్చి రోగుల వివరాలతో సరిపోల్చారు. భోజనానంతరం నవ్వినవారి రక్తంలో మారే జన్యువులు ఒక జాబితా; తోటి ఎలుకల చేతిలో ఓడి అవమానపడ్డ ఎలుకల మెదడులో మారే జన్యువులు మరొకటి. రెండూ రొమ్ము క్యాన్సర్ రోగుల భవిష్యత్తును గణాంకశాస్త్రం మెచ్చేంత చక్కగా చెప్పాయి. అంతటితో ఆగక, అచ్చయిన 47 సంతకాలను లాటరీ తీసినట్టు ఎంచిన జన్యువులతో పోటీకి నిలబెట్టారు. 28 సంతకాలు లాటరీ జాబితాలను మించి చెప్పుకోదగ్గ మేలు చూపలేకపోయాయి. 11 సంతకాలు సగటు లాటరీ జాబితాకంటే వెనకబడ్డాయి. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. రొమ్ము గడ్డల్లో చాలా జన్యువుల హెచ్చుతగ్గులు కణ విభజన వేగంతో ముడిపడి ఉంటాయి, కనుక ఏ గుప్పెడు తీసినా ఆ వేగమే పలుకుతుంది. వేగంగా విభజన చెందే గడ్డ ప్రమాదకరమన్న సంగతి, సూక్ష్మదర్శిని కింద విభజన చెందుతున్న కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి గడ్డకు గ్రేడు వేసే పెథాలజిస్టుకు ముందే తెలుసు. కాకపోతే ఆయన లెక్కను జన్యు సంతకాల మాదిరి ఎరుపు, ఆకుపచ్చ గళ్ల పటంగా అచ్చు వేయడం కుదరదు.

పోల్చే జబ్బు వైద్యుల్లోనూ ఉంది. అమెరికన్ శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్ 19వ శతాబ్దం చివర ప్రచారంలోకి తెచ్చిన, రొమ్ముతోపాటు ఛాతీ కండరాలను కూడా తొలగించే శస్త్రచికిత్స దశాబ్దాలపాటు ఎదురులేకుండా సాగింది. ఎంత ఎక్కువ కోస్తే అంత క్షేమమన్నది ఎంత చూడముచ్చటైన తర్కం! మరో అమెరికన్ శస్త్రవైద్యుడు బెర్నార్డ్ ఫిషర్ బృందం 1970లలో రోగులను చీటీ వేసినట్టు విభజించి పోల్చింది. 2002లో వెలువడిన 20 ఏళ్ల ఫలితాల్లో, గడ్డను మాత్రమే తీసినవారికీ రొమ్మంతా తీసినవారికీ ఆయుష్షులో తేడా కనబడలేదు; రేడియేషన్ తోడైతే అదే రొమ్ములో గడ్డ తిరిగి రావడం కూడా బాగా తగ్గింది.

సంతకాల్లోనూ ఒక కులద్రోహి ఉంది. 21 జన్యువుల పరీక్ష ఒకదాన్ని పదివేలమందికి పైగా స్త్రీలతో, ఏళ్ల తరబడి, ట్రయల్‌లో పెట్టారు. హార్మోన్‌కు స్పందించే, చంకలోని గ్రంథులకు పాకని క్యాన్సర్ ఉండి, మధ్యస్థ స్కోరు వచ్చినవారిలో చాలామందికి కీమో అదనంగా ఒరగబెట్టేది ఏమీ లేదని, 50 ఏళ్లలోపు కొందరికి మాత్రం కొంత మేలు ఉండవచ్చని 2018లో తేలింది. పరీక్ష పనికివస్తుందో లేదో తెలుసుకోవడానికి రోగుల దాకా వెళ్లడం, ఆపైన సంవత్సరాలు వేచి ఉండడం, ఎంత సహనాన్ని వృథా చేయడమో చూడండి. అంతలో కనీసం పది కొత్త సంతకాలు అచ్చు వేయించుకోవచ్చు.

ఇకమీదట కొత్త సంతకం ప్రకటించేవారు ముందుగా దాన్ని లాటరీ జన్యువులతో పోల్చి చూపాలని కొందరు కోరుతున్నారు. ఈ షరతు తప్పదంటే, పోటీ సమానుల మధ్యనే జరగాలి గనుక, మావాళ్లకు కొన్ని గ్రేస్ మార్కులు కలపాలని, భోజనానంతరం నవ్విన జన్యువులను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ బరిలోకి దిగనీయరాదని సవినయంగా కోరుతున్నాను.