ఆ వీడియో ఎందుకు తుడిచేశారు?

మధ్యాహ్నం నుంచి కడుపు రగిలిపోతోంది. రాయకపోతే ఈ రాత్రి నిద్ర పట్టదు.

శ్రీకాకుళంలోనే, పిత్తాశయంలో రాళ్లకు ల్యాపరోస్కోపీ ఆపరేషన్, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేసేది. వాపుతో లోపలంతా ముద్దగా అతుక్కుపోయిన కేసు. మా సీనియర్ సర్జన్ గంటన్నర ఓపికగా పొర పొరా విడదీశారు. పిత్తాశయంలోకి వెళ్లేవి రెండే రెండు గొట్టాలని కళ్లారా చూశాకే క్లిప్పు వేశారు. 1995 నుంచీ స్ట్రాస్‌బర్గ్ అనే సర్జన్ మొత్తుకున్నది ఇదే కదా! తొందరపడి అసలు పిత్తనాళాన్ని కోస్తే రోగి జీవితాంతం అనుభవిస్తాడు. అంత గొప్ప పనితనం కెమెరాలో ఉంది, రోగి అనుమతి కూడా ఉంది. "పేరు తీసేసి జూనియర్లకు చూపిస్తాను సార్" అన్నాను. "నా వీడియో నీకెందుకయ్యా? రేపెవరైనా తప్పులు పడితే?" అంటూ నా కళ్లముందే తుడిపించేశారు.

తప్పులు పట్టాలనే కదా చూపించమంటున్నది! 2001లో న్యూయార్క్‌లో కూర్చున్న సర్జన్ మారెస్కో, ఫ్రాన్స్‌లోని రోగికి రోబో చేతులతో ఇదే పిత్తాశయాన్ని తీశారు. సముద్రం దాటిన విద్య మా థియేటరు తలుపు దాటకూడదా?

అసలు నా మంట ఈ రోజుది కాదు. పీజీలో ఫిస్టులా ఆపరేషన్‌ను (డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతి సిరను సిద్ధం చేసేది) ముగ్గురి భుజాల వెనక నిలబడి "చూశాను". కనిపించింది గురువుగారి టోపీ. ముంజేతి దగ్గర ధమనిని సిరతో కలుపుతారు, మత్తు కూడా ఆ చేతికే. 1966లోనే ప్రచురించిన పద్ధతి. కుట్లు పడే చోటు బొటనవేలి గోరంత. వీడియోలో పెద్దది చేసి పదిసార్లు చూస్తే తప్ప అర్థం కాదు.

ఆ ఆపరేషన్ నాకు చేతకాని రోజుల్లోనే కవిటి నుంచి కొబ్బరి తోటల్లో కూలి చేసే ఒకావిడ కొడుకు భుజం పట్టుకుని వచ్చింది. ఉద్దానం కిడ్నీ జబ్బే. "ఇక్కడ చెయ్యలేరా బాబూ?" అంది. విశాఖపట్నానికి చీటీ రాశాను. ఊరి నుంచి రెండు వందల కిలోమీటర్లు పైనే. కూలి డబ్బు పోగయ్యేదాకా వెళ్లలేకపోయింది. మళ్లీ వచ్చేసరికి మెడలో డయాలసిస్ గొట్టం, దాని నుంచి ఇన్‌ఫెక్షన్ సోకి ఒళ్లంతా చలిజ్వరం. ఫిస్టులా వేసినా ఆ సిర సూదికి సిద్ధం కావడానికి ఆరు వారాలైనా పడుతుంది. ఆమెకు అన్ని రోజులు మిగల్లేదు.

ఆ చీటీ మీద ఉన్నది నా సంతకం.

2023లో విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఆ పిల్లలు కూడా టోపీలే చూడాలా?

నా ఆపరేషన్లలో అనుమతి ఉన్న వీడియోలన్నీ భద్రంగా ఉంచాను, రక్తం ఆగక పది నిమిషాలు తడబడిన దానితో సహా. జూనియర్లు ఎవరైనా సరే, ఆదివారం పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి.