తాబేళ్లకూ కాస్త క్రమశిక్షణ ఉండాలి

శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో స్వామి పడమటి ముఖంగా కొలువై ఉంటాడు. గుడికి రెండు ధ్వజస్తంభాలు. కూర్మావతారానికి కట్టిన ఆలయం దేశంలో మరోచోట దొరకడం అరుదు. ఇవన్నీ చూసుకుని భక్తులు తృప్తిగానే బయటికి వస్తారు. నక్షత్ర తాబేళ్లను సంరక్షించే ఆవరణ దగ్గరకు రాగానే మాత్రం ముఖాలు వాడిపోతాయి. కారణం చిన్నదే. తాబేళ్లు ఏమీ చేయవు.

దీన్ని తేలిగ్గా వదిలేయకూడదు. కారు మాట్లాడుకుని, పిల్లల్ని చీకటితోనే లేపి, అరసవల్లిలో సూర్యదేవుణ్ణి దర్శించుకుని మరీ వచ్చిన కుటుంబానికి ఒక ప్రాణి ఇచ్చే మర్యాద ఇదేనా? ఫోను పట్టుకుని ఎంతసేపు నిలబడినా తల బయట పెట్టదు. పెట్టినా మన వైపు తిప్పదు. నేను చూసిన ఒక తాబేలు ఆకు అంచును నోటితో పట్టి, ముందు కాలితో అదిమి, మెడ వెనక్కి లాగి తుంచింది. అంతటితో ఆగిపోయింది. సగం ఆకు నోట్లో, సగం బయట. నమలాలన్న సంగతి మళ్లీ గుర్తొచ్చేదాకా మేమంతా ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. బతికే ఉందో లేదో తేల్చడానికి ఒక పిల్లవాడు గులకరాయి ఏరుకున్నాడు. "తగలకుండా వేయి నాన్నా" అని తండ్రి జీవకారుణ్యం బోధించాడు.

అందుకే రోజుకు కనీసం రెండు పూటలా, వెలుతురు బాగున్న వేళ, తాబేళ్లు తల పైకెత్తి నిలబడాలని నిబంధన తేవాలి. వీటికి ఉన్న గిరాకీకి ఇది పెద్ద కోరికేమీ కాదు.

గిరాకీ అంతా ఆ డిప్పతోనే వచ్చింది. నల్లటి గుబ్బల మీద పసుపు గీతలు చుక్కల్లా విచ్చుకుని ఉంటాయి. ఎండుగడ్డిలో కలిసిపోయి శత్రువుల కంట పడకుండా ఉండడానికి ప్రకృతి గీసిన గీతలవి. జంతువులు నిజంగానే మోసపోయాయి. మనం మోసపోలేదు. అవి నక్షత్రాలని, నక్షత్రాలంటే జాతకమని, జాతకమంటే సొంత ఇల్లు, ఉద్యోగం, అమెరికా వీసా అని ఇట్టే గ్రహించాం. 2015లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం దేశంలోని ఒకే ఒక్క వ్యాపార కేంద్రం కోసం ఏడాదిలో కనీసం 55 వేల తాబేళ్లను పట్టారు. సూట్‌కేసుల్లో బట్టల మధ్య, కాళ్లు కదలకుండా టేపు చుట్టించుకుని అవి విమానాలెక్కుతున్నాయి. మన పిల్లలు వీసా కోసం చిలుకూరులో 11 ప్రదక్షిణలు, వచ్చాక మరో 108 చేస్తుంటే, వీటికి పాస్‌పోర్టు కూడా అడగకుండా బ్యాంకాక్ ప్రయాణం! 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించి దీనికి కాస్త అడ్డుకట్ట వేశారు. 2022లో మన వన్యప్రాణి చట్టాన్ని సవరించి, పులి ఉన్న మొదటి షెడ్యూలులోనే తాబేలునూ కూర్చోబెట్టారు. పులి ఏమనుకుందో ఎవరూ అడగలేదు.

ఇంటికి తెచ్చుకున్నవారి శ్రద్ధకు మాత్రం వంక పెట్టలేం. ఉత్తరం కుబేరుడి దిక్కు కాబట్టి అటు గాజు తొట్టి పెట్టి, నిండా నీళ్లు పోసి, అందులో వేస్తారు. ఇది మెట్ట నేలల్లో తిరిగే తాబేలు. ఈత రాదు. మందర పర్వతాన్ని మోసిన వంశంలో పుట్టి తొట్టెడు నీళ్లకు తట్టుకోలేకపోవడం ఆ వంశానికే మచ్చ. వెల్లకిలా పడినా దొర్లి తనంతట తాను లేవడానికి దీని డిప్ప ఆకారం ఎంత అనువైనదో హంగరీ శాస్త్రజ్ఞులు లెక్క కట్టి చూపించారు. వాళ్లు లెక్కలో వాస్తును చేర్చినట్టు లేదు.

ఇక మొక్కుగా తాబేలును సమర్పించే భక్తి ఉంది చూశారూ, అంత పొదుపైన భక్తి మరొకటి లేదు. తలనీలాలిస్తే మళ్లీ పెరిగేదాకా టోపీ పెట్టుకోవాలి. హుండీలో వేసింది తిరిగి రాదు. తాబేలైతే అడవి సొత్తు. పుణ్యం మనది, మేత ఖర్చు ఇంకెవరిదో.

ఆవరణ దగ్గర ఒక పెద్దాయన అక్కడి పనివాణ్ణి పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడిగారు.

"బాబూ, చిన్నది ఒకటి ఇప్పిస్తావా? అమ్మాయికి సంబంధాలు కుదరడం లేదు."

"తీసుకెళ్తే మూడు నుంచి ఏడేళ్లండీ."

"అన్నాళ్లా, సంబంధం కుదరడానికి?"

"కాదండీ, జైల్లో."

పెద్దాయన కొంచెంసేపు ఆలోచించారు.

"గది ఉత్తర ముఖమేనా?"